మా అరుగు మీద: అతిథికి ఏ గది?



పోయిన నెల తిరువళ్లూరులో సంఘ సమావేశం ముగిసి అందరమూ కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండగా, సభ్యులు ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచారు. "ఏమండీ, మా ఇంట్లో కంప్యూటరు పదేండ్ల నాటిది. బాగానే నడుస్తున్నది. కాని విండోస్ 10 పని అయిపోయిందనీ, విండోస్ 11 దీని మీద ఎక్కదనీ దుకాణంలో చెప్పారు. ఇక పారవేయవలసిందేనా? లినక్సు అని ఒకటి ఉన్నదట కదా, అది వేసుకుని చూద్దామా?" అని అడిగారు.

దుకాణంవారు చెప్పింది అబద్ధం కాదు. విండోస్ 10కి మామూలుగా వచ్చే రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ఆగిపోయాయి. విండోస్ 11కు కావలసిన భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసరు పాత యంత్రాలలో చాలావాటికి లేవు. ఆ మాట అట్లా ఉంచి, "వేసుకుని చూద్దామా" అని ఆయన అన్నారు చూశారా, చిక్కంతా అక్కడే ఉన్నది. చీర అయితే భుజం మీద వేసుకుని చూసి, నచ్చకపోతే మడిచి తిరిగి ఇవ్వవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ అట్లా కాదు. అది కంప్యూటరుకు ఇంటి యజమాని వంటిది. యజమానిని మార్చి చూద్దాం అనుకునేవారు ముందు ఇంట్లోని సామాను సంగతి ఆలోచించుకోవాలి.

ఈ మాట మేము పుస్తకాలు చదివి చెప్పటం లేదు. మేము మెట్రిక్యులేషన్ చదివి, ఇరవై రెండేండ్లుగా ఒక ఆఫీసులో ఫైళ్ల మధ్య గుమాస్తాగిరీ చేస్తున్నవాళ్లము. తమిళంలో నోటు వ్రాసి, ఇంగ్లీషులో సంతకం చేసి, ఇంటికి వచ్చి తెలుగులో విసుక్కునే జాతి మాది. మూడేండ్ల క్రితం ఒక సెలవు రోజున మా ల్యాప్‌టాపులో విండోస్ పక్కన లినక్సు కూడా పెట్టుకుందామని కూర్చున్నాము. డిస్కును రెండు భాగాలు చేయవలసిన చోట, తెర మీద అడిగిన ప్రశ్న సరిగా చదవకుండా, డిస్కు మొత్తం తుడిచివేయటానికి ఒప్పుకున్నాము. తిరుత్తణి కొండ మీద మా అమ్మాయికి పుట్టువెంట్రుకలు తీయించిన నాటి ఫోటోలు ఆ తుడుపులో పోయాయి. తప్పు నూటికి నూరు పాళ్లు మాదే. మా ఇంటావిడ ఆ రోజు ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని అప్పుడు అనుకున్నాము. మళ్లీ ఆ పని జోలికి వెళ్లకూడదనే నిశ్చయించుకున్నాము. కాని ఈ సంవత్సరం వెళ్లవలసి వచ్చింది. ఆ కథే ఈ నెల చెప్పబోతున్నాము.

మన సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా ఉండి, ఈ పత్రికలో తిరుత్తణి పాత సంగతులను నెలనెలా వ్రాసిన అయ్యవారు పోయిన కార్తికంలో కాలం చేసిన విషయం పాఠకులకు తెలిసినదే. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆ నాటి మాటలు, పొలాల పేర్లు, బావుల పేర్లు, ఏ బడిలో ఏ భాష చెప్పేవారు అన్న సంగతులు ఆయన తన తండ్రిగారి నోట విని వ్రాసి పెట్టారు. మొత్తం అరవై రెండు వ్యాసాలు. ఆయన సంవత్సరీకం నాటికి వాటిని చిన్న పుస్తకంగా వేయించాలని ఆయన భార్య కోరిక. మేము పలకరించటానికి వెళ్లినప్పుడు ఆమె, "ఏమప్పా, ఆయన రాసిందంతా ఆ పెట్టెలోనే ఉండాది గదా. తీసియ్యలేవా?" అని అడిగారు.

ఆ పెట్టె అంటే మన సంఘం గదిలో మూలన ఉన్న పాత కంప్యూటరు. దానిలో విండోస్ ఎక్స్‌పీ. పత్రికను పేజ్‌మేకరులో కూర్చేవారు. ఆ కాలపు తెలుగు అక్షరాలు యూనికోడువి కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చోబెట్టినవి. ఆ అక్షరాల సాఫ్ట్‌వేర్ ఉంటేనే తెలుగు కనబడుతుంది. లేకపోతే అదే పేజీ ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగలిపిన పిచ్చిరాతగా కనబడుతుంది. పైగా ఆ సాఫ్ట్‌వేరుకు వేలెడంత యూఎస్‌బీ తాళం ఒకటి గుచ్చి ఉంచాలి. ఇంతలో ఆ పెట్టె లేవటం మానేసింది. మెకానిక్కు చూసి, మదరుబోర్డు పోయిందనీ దానికి సరిపడే భాగాలు దొరకవనీ చెప్పి, డిస్కు మాత్రం బయటికి తీసి ఇచ్చాడు.

డిస్కులో ఫైళ్లు ఉన్నాయి. వాటిని చదివే ఇల్లే కూలిపోయింది. ఇదీ మా పరిస్థితి.

తిరుత్తణిలో ఉన్న మా మేనల్లుడు కాలేజీలో కంప్యూటరు చదువుతున్నాడు. వాడికి ఫోను చేస్తే, "మామా, పాత యంత్రం కోసం ఎందుకు వెదుకుతారు? మీ ల్యాప్‌టాపులోనే ఒక పాత యంత్రాన్ని తయారు చేద్దాం. ఆదివారం వస్తాను" అన్నాడు. అన్నట్టే అరక్కోణం మీదుగా రైలెక్కి వచ్చాడు. వాడు చెప్పినదానిని, మాకు అర్థమైనంతవరకు, ఇంటి భాషలో చెబుతాము.

ముందుగా మనకు తెలిసిన ఉదాహరణ చూద్దాము. మన తిరువళ్లూరును ఆనుకునే ఉన్న కాక్కళూరులో 2011 సెప్టెంబరు 15న అప్పటి ముఖ్యమంత్రి జయలలితగారు విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాపుల పథకాన్ని ప్రారంభించారు. ఆ తొలినాళ్ల యంత్రాలలో విండోస్‌తో పాటు బాస్ లినక్సు కూడా పెట్టి ఇచ్చారు. బాస్ అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సి-డాక్ వారు డెబియన్ అనే లినక్సును ఆధారం చేసుకుని తయారు చేసినది. యంత్రం తెరవగానే ఏది కావాలో ఎంచుకోవాలి. ఇది ఒకే ఇంట్లో రెండు వాటాలు ఉండి, ఒక సమయంలో ఒక్క కుటుంబమే లోపల ఉండగలిగిన ఏర్పాటు వంటిది. రెండవవారు రావాలంటే మొదటివారు బయటికి వెళ్లి తలుపు వేయాలి. డిస్కును పంచేటప్పుడు చెయ్యి జారితే ఏమవుతుందో మా ఇంట్లో చూశారు.

వర్చువల్ మెషిన్ పద్ధతి వేరు. మన పాత ఇళ్లకు ముందు అరుగులు ఉండేవి. తమిళులు తిణ్ణై అంటారు. ఆడికృత్తికకు కావళ్లు మోసుకుని తిరుత్తణికి వచ్చే యాత్రికులు ఆ అరుగుల మీద పడుకుని, వండుకుని తిని, తెల్లవారి లేచి వెళ్లిపోయేవారు. ఇంటివారి అలమర, పెట్టె, పూజగది వారికి సంబంధం లేదు. ఇంటివారి పని ఇంటివారిది, యాత్రికుల పని యాత్రికులది. కంప్యూటరులో కూడా సరిగ్గా ఇట్లాంటి అరుగును ఏర్పాటు చేసే సాఫ్ట్‌వేర్ ఉన్నది. ఈ శాస్త్రంలో వాడే ఇంగ్లీషు మాటలు కూడా అవే: అసలు యంత్రాన్ని హోస్టు, అంటే ఆతిథ్యం ఇచ్చేవాడు అంటారు, లోపల నడిచేదానిని గెస్టు, అంటే అతిథి అంటారు.

లోపల జరిగేది ఇది. ఆ సాఫ్ట్‌వేర్ అతిథికి ఒక పూర్తి కంప్యూటరును ఉన్నట్లుగా చూపుతుంది. అతిథి తన హార్డుడిస్కు అనుకునేది మన డిస్కు మీద ఉన్న ఒక పెద్ద ఫైలు. తన తెర అనుకునేది మన తెర మీద ఒక కిటికీ. తన మెమరీ అనుకునేది మన మెమరీలో మనం కొలిచి ఇచ్చిన భాగం. అతిథి చేసే లెక్కలలో చాలావరకు అసలు ప్రాసెసరే నేరుగా చేస్తుంది. యంత్రం మొత్తానికి సంబంధించిన పని ఏదైనా అతిథి తలపెడితే మాత్రం, ఈ సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆపి, తన పద్ధతిలో జరిపించి పంపుతుంది. అతిథి తన డిస్కు మొత్తం తుడిచివేసుకున్నా పోయేది ఆ ఒక్క ఫైలే. ఈ సంగతి మాకు మూడేండ్ల క్రితం తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ఇది కొత్త విద్య కూడా కాదు. ఐబీఎం వారు ఒక పెద్ద యంత్రాన్ని పలువురికి పంచి, ఎవరికి వారే సొంత యంత్రం ఉన్నట్లు అనిపించే ఏర్పాటును 1960లలోనే చేశారు. 1972లో వీఎం/370 అనే పేరుతో బజారులో పెట్టారు. బల్ల మీది కంప్యూటరులకు దీనిని తెచ్చి పేరు పొందినది 1998లో పుట్టిన వీఎంవేర్ సంస్థ. వారి వర్క్‌స్టేషన్ 1999లో వచ్చింది. తరువాత ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ఈ పనికి తోడ్పడే సౌకర్యాన్ని ప్రాసెసరులలోనే అమర్చటం మొదలుపెట్టాయి. అందువల్లనే ఈనాడు గుమాస్తా ఇంటి ల్యాప్‌టాపులో కూడా ఇది సాధ్యమవుతున్నది.

ఇక ఎంపిక. ఈ సాఫ్ట్‌వేర్లు నాలుగైదు ఉన్నాయి. బజారులో ఏది గొప్పదని అడిగితే తలా ఒక పేరు చెబుతారు. మా మేనల్లుడు ఒక కాగితం తీసి నాలుగు ప్రశ్నలు వ్రాశాడు. మన యంత్రం ఏమిటి? అతిథి రెండు రోజులు ఉండి పోయేవాడా, చిరకాలం ఉండేవాడా? వాడేది ఇంటికా, సంఘానికా? రేపు యంత్రం మారితే ఆ గదిని ఎత్తుకుపోగలమా? ఈ నాలుగింటికీ జవాబు వ్రాసుకుంటే పేరు దానంతట అదే తేలుతుందని వాడి వాదన. నిజమేనని మాకు తోచింది.

మొదట హైపర్-వి. ఇది మైక్రోసాఫ్ట్ వారిది. విండోస్‌లో ప్రో, ఎంటర్‌ప్రైజ్ వంటి రకాలలో ఇది ముందే ఉంటుంది, తెరిస్తే చాలు. కాని ఇండ్లకు వచ్చే హోమ్ రకంలో ఉండదు. మాది హోమ్. ఆ పేరు కొట్టివేశాము.

రెండవది వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో. చాలాకాలం డబ్బుపెట్టి కొనవలసినదే. ఆ సంస్థను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొన్నది. 2024 మే నెలలో సొంత వాడకానికి, నవంబరులో వ్యాపార వాడకానికి కూడా ఉచితం చేశారు. పని నమ్మకమైనది; తెర మీద బొమ్మలు బాగా కదులుతాయి. విండోస్ మీదా లినక్సు మీదా నడుస్తుంది. దింపుకోవటానికి మాత్రం వారి వద్ద పేరు నమోదు చేసుకోవాలి.

మూడవది వర్చువల్‌బాక్స్. జర్మనీలోని ఇన్నోటెక్ వారు 2007లో బయటపెట్టారు. 2008లో అది సన్ సంస్థ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి వచ్చింది. అసలు ప్యాకేజీ మూలం సహా అందరికీ స్వేచ్ఛగా దొరుకుతుంది. విండోస్, లినక్సు, మ్యాక్ మూడింటి మీదా ఉన్నది. దానికి తోడుగా ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని వేరే మూట ఒకటి ఉన్నది. దాని ఉచిత లైసెన్సు సొంత వాడకానికి, చదువుకు మాత్రమే. సంఘాలు, ఆఫీసులు ఈ తేడా గమనించాలి. వేగమైన యూఎస్‌బీ కావాలంటే ఆ మూట తప్పనిసరి అని పాతవారు చెబుతారు. 2022లో వచ్చిన 7.0 నుంచి ఆ సౌకర్యం అసలు ప్యాకేజీలోనే చేరింది కాబట్టి, మా పనికి ఆ మూట అక్కరలేకపోయింది.

నాలుగవది కేవీఎం. ఇది 2007 నుంచి లినక్సు గుండెలోనే ఉన్నది. ఫాబ్రీస్ బెల్లార్ అనే ఫ్రెంచి మేధావి 2003లో మొదలుపెట్టిన క్యూఈఎంయూతో జతగా పని చేస్తుంది. అసలు యంత్రమే లినక్సు అయినవారికి ఇంతకంటె మంచిది వెదకనక్కరలేదు. వర్చువల్ మెషిన్ మేనేజర్ గాని, ఇంకా సులువుగా కావాలంటే బాక్సెస్ గాని పెట్టుకుంటే మీటలు నొక్కి పని జరుపుకోవచ్చు. మా మేనల్లుడి ల్యాప్‌టాపులో ఉన్నది డెబియన్. అందువల్ల వాడికి దీని మీద మమకారం. మా యంత్రం విండోస్ అయినందువల్ల మాకు పనికిరాదు.

ఎం-చిప్పుల కొత్త మ్యాకులు ఉన్నవారికి ఒక మాట. వాటి ప్రాసెసరు జాతి వేరు. పాత విండోస్‌ను వాటిలో నడపాలంటే యూటీఎం వంటిదానితో ప్రతి ఆజ్ఞనూ తర్జుమా చేయించాలి. పని జరుగుతుంది గాని నిదానంగా జరుగుతుంది.

మా జవాబులు ఇవి. యంత్రం విండోస్ హోమ్, ఎనిమిది గిగాబైట్ల మెమరీ. అతిథి చిరకాలం ఉండేవాడు. వాడకం సంఘానికి. గది మాత్రం తిరువళ్లూరులో మా విండోస్ మీదా, తిరుత్తణిలో మేనల్లుడి లినక్సు మీదా, రేపు ఎవరు కార్యదర్శి అయితే వారి యంత్రం మీదా నడవాలి. ఆఖరికి వీఎంవేరూ వర్చువల్‌బాక్సూ మిగిలాయి. ఎవరి ఖాతా అవసరం లేకుండా ఎవరైనా దింపుకోగలిగినదీ, మూలం బహిరంగంగా ఉన్నదీ అయితే ముందు ముందు వచ్చేవారికి చిక్కు ఉండదని వర్చువల్‌బాక్స్‌నే ఎంచుకున్నాము. ఇంటి వాడకానికి వీఎంవేర్ తీసుకున్నవారిని మేము తప్పు పట్టము.

"ఇల్లు అలకగానే పండుగ కాదు" అన్నట్టు, ఎంపిక అయినంత మాత్రాన పని కాలేదు. మొదటిసారి తెరిస్తే యంత్రం మొరాయించింది. ప్రాసెసరులోని ఆ సౌకర్యం బయాస్‌లో మూసి ఉన్నది. కొందరు యంత్రాల తయారీదారులు అట్లా మూసే పంపుతారు. కంప్యూటరు తెరుచుకునేటప్పుడు బయాస్‌లోకి వెళ్లి, ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ అనో వర్చువలైజేషన్ అనో, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అనో ఉన్నదానిని తెరవాలి. అది చేసిన తరువాత గది తయారైంది. ఎక్స్‌పీకి 512 మెగాబైట్ల మెమరీ, పది గిగాబైట్ల డిస్కు ఇచ్చాము. ఈనాటి లెక్కలో అది తాంబూలంతో సమానం. ఆ రోజుల్లో అది రాజభోగం.

నడక మొదలైన తరువాత కిటికీ అడుగున ఆకుపచ్చని తాబేలు బొమ్మ కనబడింది. మా అమ్మాయి దాన్ని చూసి ముచ్చటపడింది గాని మేనల్లుడు మొగం చిట్లించాడు. విండోస్ తన రక్షణ కోసం లోపల హైపర్-వి భాగాన్ని కొంత వాడుకుంటూ ఉంటే, వర్చువల్‌బాక్స్ దానికి లోబడి నిదానంగా నడవవలసి వస్తుందట. ఆ తాబేలు దానికి గుర్తు. విండోస్ రక్షణను తీసివేస్తే తాబేలు పోతుంది. "వద్దురా, మనకు కావలసింది అరవై రెండు వ్యాసాలే గాని పరుగు పందెం కాదు" అన్నాము. తాబేలును ఉండనిచ్చాము.

సంఘం వేరుగా కొన్న ఎక్స్‌పీ పెట్టె, పేజ్‌మేకరు పెట్టె బీరువాలో భద్రంగా ఉన్నందుకు అయ్యవారిని తలుచుకున్నాము. యంత్రంతో పాటు వచ్చే విండోస్ లైసెన్సు సాధారణంగా ఆ యంత్రానికే చెందుతుంది. దాన్ని మరో యంత్రంలోకి మోసుకురావటానికి హక్కు ఉండదు. పెట్టెలు, రసీదులు పారవేయని ఆయన అలవాటును చూసి మేము నవ్విన రోజులు ఉన్నాయి.

ఒక్కొక్క మెట్టు ఎక్కినప్పుడల్లా స్నాప్‌షాట్ తీసి పెట్టుకున్నాము. అంటే అప్పటికి అతిథి గది ఎట్లా ఉన్నదో అట్లా గుర్తు వేసి ఉంచటం. ప్రింటరుకు సంబంధించినదేదో పెట్టగానే ఎక్స్‌పీ నీలం తెర చూపి పడిపోయింది. మూడేండ్ల క్రితం అయితే మేమూ పడిపోయేవాళ్లము. ఈసారి వెనకటి గుర్తుకు వెళ్లగానే, ఏమీ జరగనట్టు గది మునుపటిలాగా ఉన్నది. అతిథికి ఇంటర్‌నెట్టు తలుపు మాత్రం మొదటి నుంచి మూసే ఉంచాము. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సవరణలు ఆగిపోయాయి. అంత ముసలివాడిని బజారులోకి పంపకూడదు.

చివరికి పాత డిస్కు నుంచి తీసిన ఫైళ్లను లోపలికి పంపి, మొదటి వ్యాసం తెరిచాము. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాల పిచ్చిరాత. అప్పుడు తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ పెట్టి, వేలెడంత తాళాన్ని మా ల్యాప్‌టాపుకు గుచ్చి, యూఎస్‌బీ జాబితాలో దానికి టిక్కు పెట్టి అతిథికి అప్పగించాము. మళ్లీ తెరిచాము. అయ్యవారి శీర్షిక, ఆయన ఊరి పేరు, ఆయన వాక్యం తెలుగులో తెర మీద ఉన్నాయి. మా మేనల్లుడు కుర్చీ నాకు జరిపి పక్కకు నిలబడ్డాడు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవటం రాదు. "ఏముంది మామా?" అని అడిగాడు. పైకి చదివి వినిపించాము. ఊరు రాష్ట్రం మారిన రోజున ఇల్లు అంగుళం కదలలేదనీ, పొయ్యి దగ్గర మాట మారలేదనీ వారి తండ్రిగారు చెప్పిన సంగతి అందులో ఉన్నది. కింద యంత్రం మారిన సంగతి తెలియకుండా నడుస్తున్న ఎక్స్‌పీలోంచి ఆ మాట చదువుతూ ఉంటే మాకు కొంచెం చిత్రంగానే తోచింది.

అరవై రెండింటిలో యాభై ఏడు తెరుచుకున్నాయి. మిగిలిన అయిదు ఉన్న చోట డిస్కు చెడిపోయింది. సభ్యుల ఇండ్లలో వెదికితే మూడు అచ్చు ప్రతులు దొరికాయి. ఇంకా రెండు, 2009 ఆగస్టు, 2013 మార్చి సంచికలలోనివి, దొరకలేదు. పాఠకులలో ఎవరి అటక మీదనైనా, వడియాల డబ్బా కిందనైనా ఆ సంచికలు ఉంటే సంఘానికి ఒక మాట తెలియజేయవలసిందిగా చేతులు జోడించి కోరుతున్నాము. చిరిగినవైనా సరే.

పేజీలను అతిథి గదిలోనే పీడీఎఫ్‌లుగా చేసి బయటికి తెచ్చుకున్నాము. పాత అక్షరాలను యూనికోడులోకి మార్చే సాధనాలు ఉన్నాయి గాని, ఒత్తులూ గుడింతాలూ అక్కడక్కడా తారుమారు అవుతాయి. ప్రూఫు చూడక తప్పదు. ఆ పని ఇప్పుడు జరుగుతున్నది. తరువాత గదిని మొత్తం ఒకే ఫైలుగా ఎగుమతి చేసి, దానికి మూడు నకళ్లు తీసి మూడు చోట్ల పెట్టాము. ఇది మరవకండి. స్నాప్‌షాటు నకలు కాదు. అది కూడా అదే డిస్కు మీద ఉంటుంది. డిస్కు పోతే అతిథి, గది, గుర్తులు అన్నీ కలిసి పోతాయి.

ఇక కాఫీ వేళ మమ్మల్ని అడిగిన సభ్యుల సంగతి. పాతదానికి పనికివచ్చిన అరుగు కొత్తదానికీ పనికివస్తుంది. వారి కంప్యూటరులో కూడా వర్చువల్‌బాక్స్ పెట్టి, అందులో లినక్సు మింట్ ఎక్కించి ఇచ్చాము. రెండు గిగాబైట్ల మెమరీ, ఇరవై అయిదు గిగాబైట్ల డిస్కు కేటాయించాము. బాస్, ఉబుంటు, డెబియన్ ఏదైనా ఇట్లాగే చూడవచ్చు. డెబియన్‌ను స్థాపించేటప్పుడు అడిగే భాషల జాబితాలో తెలుగూ తమిళమూ రెండూ ఉన్నాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ లినక్సును తెలుగులోకి తేవటానికి చాలా శ్రమపడింది. ఆ సభ్యులు పదిహేను రోజులు రోజూ ఒక గంట అందులో కూర్చున్నారు. తెలుగు టైపు కుదిరింది. తమిళం కుదిరింది. ఉత్తరాలు, లెక్కలు లిబ్రెఆఫీసులో కుదిరాయి. వారి శ్రీమతిగారు పాటలు వినబడుతున్నాయి కాబట్టి తనకు అభ్యంతరం లేదన్నారు.

ఒక్క సంగతి మాత్రం వర్చువల్ మెషిన్ చెప్పలేదు. అతిథి చూసేది మన అసలు యంత్రాన్ని కాదు, చూపించిన యంత్రాన్ని. కాబట్టి మన వైఫై చిప్పుతో, స్కానరుతో, తెర వెలుగుతో లినక్సుకు పొత్తు కుదురుతుందో లేదో అరుగు మీద తెలియదు. దానికి పెన్‌డ్రైవు మీద లినక్సును వ్రాసి, డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవు నుంచే కంప్యూటరును లేపి చూడాలి. అట్లా చూస్తే వారికి వైఫై వెంటనే కుదిరింది, ప్రింటరు కుదరలేదు. దానికి తగిన డ్రైవరు కోసం మా మేనల్లుడు వెదుకుతున్నాడు. అది తేలేవరకు పెద్ద నిర్ణయం చేయవద్దని చెప్పాము. కాని విండోస్ 10ను అట్లాగే ఉంచి దాని మీద అరుగు కట్టుకుని ఏండ్ల తరబడి గడపవచ్చునని ఎవరూ అనుకోవద్దు. ఇంటి కప్పు కారుతూ ఉంటే అరుగు మీదివారూ తడుస్తారు. పరీక్షించటానికి అరుగు, కాపురానికి మంచి ఇల్లు కావలసిందే.

కొత్తదానిని చూడాలన్న కోరిక తప్పు కాదు. దాని కోసం ఇంట్లోని ఫోటోలను, పెద్దల వ్రాతలను పణంగా పెట్టటం తప్పు. ముందు నకలు, తరువాత అరుగు, ఆ తరువాత పెన్‌డ్రైవు, అన్నీ కుదిరితే అప్పుడు గృహప్రవేశం. మేము వెనక నుంచి ముందుకు నడిచి దెబ్బ తిన్నాము కాబట్టి ఈ వరుస గట్టిగా చెబుతున్నాము.

పోయిన ఆదివారం తిరుత్తణి వెళ్లి, అచ్చు తీసిన యాభై ఏడు వ్యాసాల కట్టను అయ్యవారి భార్య చేతిలో పెట్టాము. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పుట చూసి, "ఈడ ఆయన పేరులో దీర్ఘం పోయిండాది, చూడు నాయనా" అన్నారు. చూశాము. నిజమే. ప్రూఫు అక్కడ నుంచే మొదలుపెట్టాము.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము. అంతవరకు సెలవు.